పది చింతగింజలు, ఒక ఆవగింజ

ఆవిడ చనిపోయిందన్న కబురు నా దగ్గరికి బట్టల షాపు ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. తెచ్చినవాడు ఆవిడ తమ్ముడు. బేగంపేటలో మా ఆఫీసు మెట్లెక్కి, చెమట తుడుచుకుని, "అక్క పోయిందండి. నెలవుతోంది. ఇవి ఆఫీసువని చీటీ రాసి పెట్టింది" అంటూ సంచి నా బల్ల మీద పెట్టాడు.

ఆవిడ నన్ను కూడా తమ్ముడూ అనే పిలిచేది. నన్నొక్కణ్ణే కాదు, టీ తెచ్చేవాణ్ణి, లిఫ్టు బాగుచేసేవాణ్ణి, ఒకసారి ప్రింటర్లు అమ్మడానికి టై కట్టుకుని వచ్చిన పెద్దమనిషిని కూడా. అయినా అసలు తమ్ముడు ఎదురుగా వచ్చి నిలబడేసరికి నాకు కాస్త కడుపు మండింది. చావు కబురు వింటే ఎవరికైనా ముందు బాధ వస్తుంది. నాకు ముందు అసూయ వచ్చింది. ఆవిడ విషయంలో అది నాకు పాత అలవాటు.

సంచిలో సొట్టపడిన స్టీలు టిఫిన్ మూత ఉంది. గుడ్డమూటలో పది చింతగింజలు. అడుగున అట్ట వేసిన లావుపాటి నోటుపుస్తకం, దాని మీద "చెరువు పనికి తరవాత వచ్చేవాళ్లకి" అని ఆవిడ గుండ్రటి చేతిరాత. నా పేరు లేదు. తరవాత వచ్చేవాళ్లెవరూ రాలేదు కాబట్టి నేనే తీసుకున్నాను. కానీ వెంటనే తెరవలేదు. ఆవిడ మూసిపెట్టినవి తెరవడంలో నాకు మంచి పేరు లేదు. ఆ సంగతికి వస్తాను.

మేమిద్దరం ఆఫీసులో ఒకే వారం చేరాం. విమానాలన్నీ శంషాబాదుకి వెళ్లిపోయి మా కిటికీ అద్దాలు వణకడం అప్పుడప్పుడే మానేశాయి. నాకు ఎంటెక్ పట్టా, కొత్త లాప్‌టాప్, దేనికైనా సిద్ధంగా ఒక జోకు ఉండేవి. ఆవిడ ఏలూరు వైపు మిషన్ స్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి, వాళ్లాయనకి రైల్వేలో బదిలీ అయితే రెజిమెంటల్ బజార్లో అద్దెకి దిగింది. మండుటెండల్లో కూడా వాన గొడుగు తెచ్చేది.

"వాన వస్తదా అక్కా?" అని అడిగాను మొదటిరోజు, నలుగురూ వినేలా.

"పదిలో ఒకటి తమ్ముడూ."

"ఒక్కదానికే గొడుగా?"

"గొడుగు బరువెంత? తడిస్తే నా దగ్గు ఎన్నాళ్లుంటుంది? వానొక్కటే చూస్తే ఎలా, అది కూడా చూడాలి కదా."

నలుగురూ నవ్వారు. నా జోకుకి కాదు. లెక్క అక్కడ మొదలైంది.

మా పని సంగతి చెప్తాను. బొల్లారం అవతల ఒక చెరువు ఉంది. అందులో చేపలు పెంచుకునే సంఘం వాళ్లు మా ఆఫీసుని ఒకటే అడిగారు. వానలు మొదలయ్యే రోజుల్లో ఉన్నట్టుండి ఒక తెల్లవారుజామున చేపలన్నీ చచ్చి తేలతాయి. ఆ రోజు ఎప్పుడో ముందురోజు సాయంత్రానికి చెప్పగలరా? చెప్తే డీజిల్ మోటారు పెట్టి తెల్లారేదాకా నీళ్లు చిలికిస్తారు, నీళ్లలో గాలి కలుస్తుంది, చేపలు బతుకుతాయి. రోజూ తిప్పుదామంటే డీజిల్ ఖర్చుకి చేపలకంటే ముందు సంఘం తేలుతుంది. పది పాళ్లలో నాలుగు దాటితే తిప్పుదామని వాళ్లే అనుకున్నారు. కచ్చితంగా చెప్పడం ఎవరి వల్లా కాదు. మబ్బు, గాలి, నాచు, పై కాలనీల మురుగు, అన్నీ కలిసి చేసే పని అది. ఎంత అవకాశం ఉందో మాత్రం చెప్పొచ్చు. పుస్తకాల్లో దాన్ని సంభావ్యత అంటారు. మా ఆఫీసులో దాని పేరు గింజలు. ఆ పేరు రావడానికి కారణం కూడా ఆవిడే.

నేను లాప్‌టాప్ తెరిచాను. ఆవిడ గోడకున్న పాత క్యాలెండరు దింపింది. వాళ్ల చర్చి వాళ్లు పంచిన క్యాలెండరు, ప్రతి నెలకీ ఒక వాక్యం. ఆవిడ కాగితం వెనక్కి తిప్పి, టిఫిన్ మూత బోర్లించి చుట్టూ పెన్సిల్‌తో సున్నా గీసింది. లోపల "చేపలు తేలడం" అని రాసింది. అప్పట్నుంచీ అదే పద్ధతి. ఒక్కో సంగతికి ఒక్కో సున్నా, దేని వల్ల ఏది జరుగుతుందో చూపించడానికి ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం.

"ఏందక్కా, గీ మూతేంది? కంప్యూటర్ల గుండ్రాలు ఫ్రీగనే వస్తయి గద."

"ఫ్రీగా వస్తే వంద గీసేస్తాం తమ్ముడూ. మూతతో అయితే ఈ కాగితం మీద పది పడతాయి. పదకొండోది కావాలంటే ఒకటి చెరపాలి. ఏది చెరపాలో ఆలోచిస్తాం."

ప్రతి బాణం మీదా చిన్న అక్షరాలతో ఎవరు చెప్పారో రాసేది. "మల్లేశంగారు", "చెరువు పుస్తకం", "కాలేజీ సారు". ఎవరూ చెప్పకుండా ఆవిడకే తోచిన బాణమైతే చుక్కలతో గీసేది. ఎవరో ఒకరు తెలిసి చెప్పినప్పుడు ఆ చుక్కలు కలిపి గీత చేసేది. తప్పు పడితే చెరిపేది క్యాలెండరు మీదే, నోటుపుస్తకంలో మాత్రం కొట్టివేతలు ఉండకూడదు. "తప్పుని కొట్టేస్తే మళ్లీ అదే తప్పు చేస్తాం. కింద రాసుకోవాలి" అనేది. స్కూల్లో పిల్లలు ఎలా భరించారో నాకు తెలియదు.

మల్లేశం సంఘం పెద్ద. ఆవిడతో మొదటిసారి చెరువుకి వెళ్లినప్పుడు కట్ట మీద సంఘం వాళ్లందరినీ కూర్చోబెట్టి ఆవిడ అడిగింది. మబ్బు పట్టి, గాలి ఆగిపోయిన తెల్లవారుజాములు పది అనుకోండి, ఎన్నిట్లో తేలాయి?

"ఏడు" అన్నాడు మల్లేశం.

"ఏడే మేడం" అన్నారు మిగతావాళ్లంతా కలిసి.

నేను ఏడు అని టైపు చేసి లాప్‌టాప్ మూశాను. పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ ఏమీ రాసుకోలేదు. మర్నాడు మళ్లీ వెళ్దామంది. మర్నాడు గుడ్డమూట విప్పి ఒక్కొక్కరికీ పదేసి చింతగింజలు పంచింది. "పక్కవాళ్లకి చూపించకండి. తేలినన్ని గింజలు తువ్వాలు కింద పెట్టండి. నేను చెప్పాక ఒకేసారి తియ్యండి."

తువ్వాళ్లు లేచాయి. మల్లేశానివి ఏడు. పక్కవాడివి మూడు. ఆ పక్కన ఎనిమిది, నాలుగు, మళ్లీ మూడు.

"ఏంరా, నిన్న ఏడన్నవు?" అన్నాడు మల్లేశం.

"నిన్న నువ్వన్నవు గద బాబాయ్."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఆవిడ మూడు పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి చతికిలబడింది. వాళ్లిద్దరూ తూము దగ్గర వలలు వేసేవాళ్లు. అక్కడ నీళ్లు కొంచెం పారుతూ ఉంటాయి, చేపలకి ఊపిరి ఆడుతుంది. అలా "నీళ్లు పారుతున్నాయా" అన్న సున్నా పుట్టింది. ఇంత చదువుకున్న నాకు ఏడు ఒక అంకె. ఆవిడకి ఏడుకీ మూడుకీ మధ్య ఉన్న తగువే అసలు సమాచారం. ఆ సాయంత్రం బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. గాలి కోసం అని చెప్పాను.

అక్కడి నుంచి నాకు రోజూ అదే గతి. నేనొక్కణ్ణే చెరువుకి వెళ్తే, "టీచరమ్మ రాలేదా సారూ?" అనేవాడు మల్లేశం. ఆవిడొస్తే అరిటాకులో వేయించిన చేపముక్కలు, నేనొస్తే మంచినీళ్లు. మా సార్, అంటే ఆఫీసు పెద్ద, మీటింగుల్లో క్యాలెండరు ముక్క ఎత్తి చూపించి "సింప్లిసిటీ యార్, సింప్లిసిటీ" అనేవారు. నాకున్నవి నలభై రెండు సున్నాలు. చెరువు నీళ్ల రంగు నుంచి చంద్రుడి కళ దాకా అన్నీ పెట్టాను. ఆవిడ నా తెర ముందు నిలబడి ఎంతో శ్రద్ధగా అన్నీ చదివింది. "ఎగువ గేటు ఎత్తడం, ఇది చాలా బాగుంది తమ్ముడూ, నాకు తట్టలేదు" అంది. తన కాగితం మీద దానికి చోటు చేసి, బాణం మీద "తమ్ముడు చెప్పాడు" అని రాసుకుంది. తరవాత ఒక సున్నా మీద వేలు పెట్టింది.

"ఇదేంటి, మంగళవారం?"

"డేటాల వస్తున్నదక్కా. మంగళవారం ఎక్కువ తేలుతున్నయి."

"చేపలకి మంగళవారమని ఎవరు చెప్పారు?"

సోమవారం కాలనీల్లో బట్టలు ఉతుకుతారు, సబ్బునీళ్లు మర్నాటికి చెరువులోకి వస్తాయి అని అప్పటికప్పుడు ఒక కథ చెప్పాను. కథ బాగానే వచ్చింది. ఆవిడ పెన్సిల్ నా చేతిలో పెట్టి, "అయితే చుక్కలతో గియ్యి" అంది. కంప్యూటర్లో చుక్కలు రావని చెప్పాను. వస్తాయి.

ఇక కవరు సంగతి. సంఘం వాళ్ల దగ్గర ఎనిమిదేళ్ల చెరువు పుస్తకాలున్నాయి. రోజూ పొద్దున్నే మబ్బు, గాలి, నీళ్ల రంగు, చేపలు తేలాయా లేదా రాసిపెట్టుకున్నవి. ఆవిడ అందులోంచి చివరి రెండేళ్లవి తీసి, ఖాకీ కవర్లో పెట్టి, జిగురుతో అంటించి, సార్ ముందే బీరువాలో పెట్టింది. "ఆరేళ్లు చూసి లెక్క కడదాం. ఈ రెండేళ్లు పరీక్షకి. చూసిన ప్రశ్నపత్రానికి జవాబు ఎవరైనా రాస్తారు." సార్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే, కవరు తెరిచిన రోజున ఎవరి లెక్క బాగా కుదిరితే వానాకాలంలో మల్లేశానికి వాళ్లదే పంపుదాం అన్నారు.

పరీక్షకి ముందు శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. ఆఫీసులో నేను, కరెంటు కెటిల్, బీరువా. ఆవిరికి జిగురు ఎంత తేలిగ్గా లొంగుతుందో మీకు తెలియదు. చేపలు తేలిన రోజులన్నీ రాసుకున్నాను. నా లెక్క వాటికి కుదిరేదాకా సున్నాల్ని అటూ ఇటూ తిప్పాను. మంగళవారం సున్నా తీసెయ్యలేదు, ఇంకాస్త బలం ఇచ్చాను. కవరు మళ్లీ అంటించబోతే జిగురు సీసా ఆవిడ సొరుగులో ఉంది, సొరుగుకి తాళం ఉంది. నా డబ్బాలో పెరుగన్నం ఉంది. మెతుకులు మెదిపి అంటించాను. మా నాయనమ్మ పెళ్లిపత్రికలు అలాగే అంటించేది. ఎక్కడా పట్టుబడలేదు.

పరీక్ష రోజు సార్ కవరు ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ అంటించిన వైపు తిప్పి చూసింది. గోటితో ఏదో గీకి చూసుకుంది. కత్తెర అడిగి రెండో వైపు కత్తిరించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నా లెక్క దాదాపు ప్రతి రోజుకీ కుదిరింది. ఆవిడది కొన్నిట్లో తప్పింది, కొన్ని చోట్ల "తెలియదు" అని కూడా చెప్పింది. సార్ నా భుజం తట్టి, "ఎక్సలెంట్ యార్, మనవాడు సైలెంట్‌గా కొట్టాడు" అన్నారు. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఏదైనా తేడా ఉందా అని చాలా రోజులు వెతికాను.

"ఒక్క మాటండి" అంది సార్‌తో. "పంపేది తమ్ముడిదే పంపుదాం. కానీ రోజూ నాది కూడా పక్కన రాసి పెడతాను."

వానలు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం నేను మల్లేశానికి ఫోన్లో మెసేజ్ పెట్టేవాణ్ణి. రేపటికి ఒకటి, రేపటికి మూడు. కొన్నాళ్లు ఏ గొడవా లేదు. తరవాత ఒక బుధవారం ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. బయట మబ్బు కమ్మి ఉంది, ఆకు కదలడం లేదు.

"తమ్ముడూ, రేపటికి నాది ఆరు వచ్చింది. నీదెంత?"

నాది రెండు. రేపు గురువారం, మంగళవారం కాదు మరి.

"రెండూ పంపుదామా?"

"రెండంకెలు పంపితే వాళ్లు పరేషాన్ అయితరక్కా. సార్ నాదే పంపమన్నడు గద."

ఆ రోజు నాకు అనుమానం రాలేదని అంటే అబద్ధం. ఆవిడ ఆరుకి వెనక తువ్వాళ్ల కింద గింజలున్నాయి. నా రెండుకి వెనక పెరుగన్నం ఉంది. అది నాకు తెలుసు. కానీ ఆరు పంపితే, మోటారు తిరిగితే, చేపలు బతికితే, ఎప్పటికీ టీచరమ్మే. ఆవిడ నా ఫోను వైపు చూసింది. బల్ల మీద నా మెసేజ్ సగం టైపు చేసి ఉంది. "సరే" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. నేను రెండు పంపాను.

గురువారం తెల్లారేసరికి చెరువు తెల్లగా ఉంది. నీళ్ల మీద బియ్యం ఆరబోసినట్టు, కడుపులు పైకి. మేం వెళ్లేసరికి సంఘం వాళ్లు తెప్పల మీంచి గంపలతో ఎత్తి కట్ట మీద పోస్తున్నారు. మల్లేశం నా దగ్గరికొచ్చి ఫోను చూపించాడు.

"రెండన్నవు గద సారూ. మోటారు బంద్ పెట్టినం. మబ్బు చూసి నా పాణం గుంజింది, అయినా కంప్యూటర్ చెప్పినంక మనమెంత అనుకున్న."

నా దగ్గర జోకులేవీ లేవు. ఉన్నది ఒక్కటే మాట. రెండంటే సున్నా కాదు, పదిలో రెండుసార్లు జరుగుతుంది, ఈ రోజు ఆ రెండులో ఒకటి. అది నిజం కూడా. నోరు తెరవబోయేంతలో ఆవిడే అంది.

"మల్లేశంగారూ, ఒక్కరోజు చూసి ఏ లెక్కా తప్పని చెప్పలేం. కానీ రెండంటే సున్నా కాదని మేం మీకు గట్టిగా చెప్పి ఉండాల్సింది. అది మా తప్పు."

మా తప్పు. ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని గంప అందుకుంది. నేను కూడా అందుకున్నాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం చేపలు ఎత్తాం. నన్ను వెనకేసుకొచ్చినందుకు నాకు ఆవిడ మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. న్యాయం చేతకానివాళ్ల ముందు న్యాయంగా ఉండటం కూడా ఒక రకం గొప్పలు పోవడమే అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. అది కూడా చుక్కల బాణమే.

ఆ వారం నుంచి ఆవిడ అంకె పంపమన్నారు సార్. ఆవిడ మాత్రం ఆ సీజనంతా నాది కూడా పక్కన రాసింది. ఆఖర్న తేడా ఎవరికీ చెప్పక్కర్లేకుండా కనపడింది. కవరు సంగతి నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. రెండేళ్ల తరవాత వాళ్లాయనకి మళ్లీ బదిలీ అయింది, వెళ్లిపోయారు. వెళ్లేరోజు టిఫిన్ మూత కూడా పట్టుకెళ్లిపోయిందని ఆఫీసంతా తిరిగి చెప్పి నవ్వించాను.

ఆవిడ తమ్ముడు వెళ్లాక పుస్తకం తెరిచాను. ప్రతి పేజీలోనూ అవే నాలుగు మాటలు: ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు, ఎవరు చెప్పారు. ఆ గురువారం కోసం వెతికాను. దొరికింది.

ఏం అనుకున్నాం: నాది ఆరు, తమ్ముడిది రెండు, పంపింది రెండు. ఏం జరిగింది: తేలాయి. ఎందుకు అన్నచోట మూడు చిన్న సున్నాలు. కింద రెండు: "కవరు ముందే తెరిచాడు", "నిజంగానే మంచి లెక్క". రెండిట్నుంచీ పైన ఉన్న "పరీక్షలో అంత బాగా కుదిరింది" అన్నదానికి బాణాలు. మొదటి బాణం చుక్కలు. దాని పక్కన పారదర్శకమైన టేపు వేసి ఒక ఆవగింజ అంటించి ఉంది. నా పెరుగన్నం తాలింపులోది. ఆవగింజంత విశ్వాసం గురించి ఆవిడ చర్చిలో చాలాసార్లు విని ఉంటుంది, గింజ ఇలా పనికొస్తుందని అనుకుని ఉండదు.

సున్నాల పక్కన గింజల లెక్క కూడా వేసింది. తెరిచాడు: ఎనిమిది. నిజంగానే మంచి లెక్క: రెండు.

ఆవగింజ చేతిలో పెట్టుకుని కూడా నాకోసం రెండు గింజలు అట్టిపెట్టింది.

దాని కింద ఇలా ఉంది: "కవరు చూసిన రోజే అడగాల్సింది. అడిగితే పిల్లవాడు చిన్నబోతాడని ఊరుకున్నాను. బుధవారం ఫోను నా సంచిలోనే ఉంది, మల్లేశంగారికి నేనే చెప్పొచ్చు. చెప్పలేదు. చేపలు పోయాయి. నా తప్పు."

ఇన్నేళ్లూ ఆ తప్పు ఒక్కటైనా నా సొంతం అనుకున్నాను. అందులోనూ ఆవిడే ముందుంది.

ఎవరు చెప్పారు అన్నచోట ఖాళీ. ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడ రాయలేదు.

పెన్ను తీసి చుక్కల మధ్య ఖాళీలు ఒక్కొక్కటీ కలిపాను. గీత కొంచెం వంకరగా వచ్చింది. ఎవరు చెప్పారు అన్నచోట నా పేరు రాశాను. ఎనిమిది పక్కన బాణం వేసి, కింద పది అని రాశాను. రెండు మాత్రం అలాగే ఉంది. ఆ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు.